ఫ్రేమ్‌లో ఎవరూ లేరు

ఫిబ్రవరి 8

నేను తీసే పెళ్లి ఆల్బమ్‌లలో మొదటి ఫోటోల్లో మనుషులుండరు. వీధి, ఇల్లు, పందిరి. పెళ్లి ఎక్కడ జరిగిందో ముందు తెలియాలి. ఈ మాట ఎవరికి చెప్పినా ఎక్కదు. మొన్న గంగారంలో పెళ్లికొడుకు మేనమామ, మనుషుల్లేకుంట గీ గోడలు తీసుడేందమ్మా అని లెన్స్‌కు అడ్డం నిలబడ్డాడు. అలాంటిది ఇవాళ మహబూబాబాద్ కిరాణా హోల్‌సేల్ జగదీష్ సేటు బిడ్డ పెళ్లి ఫోటోలకు మాట్లాడటానికి వచ్చి, పాత ఆల్బమ్‌లో ఆ ఖాళీ ఫోటోలు చూసి, గసుంటియే ఎక్కువ గావాలె సింధూజమ్మా అన్నాడు. పెళ్లికూతురు గురించి ఒక్క ముక్క లేదు. నాకు మింగుడుపడలేదు.

ఫిబ్రవరి 19, ఉదయం 7

పందిరి వాళ్లింటి ముందు వేయలేదు, పక్కనున్న ఖాళీ జాగాలో వేశారు. మధ్యలో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఫ్రేమ్ క్లీన్‌గా ఉండాలని, జర పక్కకు జరుగవ్వా అన్నాను. నవ్వుకుంటూ లేచిపోయింది. సేటు నా వెనకే తిరిగాడు. నాలుగు దిక్కుల నుంచీ తీయమన్నాడు, తారీఖు పడాలన్నాడు. పెళ్లి ఫోటోకు తారీఖెందుకో?

ఫిబ్రవరి 20

భోజనాల దగ్గర ఆ ముసలామె నా పక్కనే కూర్చుంది. పేరు సుక్కి, తండా ఆమె. ఆ జాగా తనదేనట. సేటు రెండు దినాలు పందిరికి ఇయ్యమన్నడు, ఆడపిల్ల పెండ్లికి ఎట్ల కాదంట బిడ్డా అన్నది. కాగితం ఏమైనా రాయించుకున్నావా అంటే, పందిరికి కాగితమేంది అని నవ్వింది. సేటు తారీఖెందుకు పడాలన్నాడా అని నాకు అనుమానమొచ్చింది.

ఫిబ్రవరి 22

ఆల్బమ్ తర్వాత చూద్దాం, ఆ ఖాళీ ఫోటోల ప్రింట్లు ముందు కావాలని సేటు మూడు ఫోన్లు.

ఫిబ్రవరి 26

ఇచ్చేశాను. అనుమానం ఉండి కూడా ఇచ్చాను. ఏమని ఆపాలి? ఆర్డర్ ఆయనది.

మార్చి 11

సుక్కి అవ్వ స్టూడియోకు వచ్చింది. సేటు పందిరి తీయనే లేదు, అదే గుంజల మీద రేకులు వేశాడట. తహసీల్ ఆఫీసులో అది తన జాగానేనని నా ఫోటోలు పరిచి, ఆమెదైతే గీ ఫోటోలల్ల ఆమె ఏది అని అడిగాడట. గవి నువ్వు తీసినయేనా బిడ్డా అన్నది. చెంపలు వాయించుకోవాలనిపించింది. నీట్‌గా ఉందని నేనే మురిసిపోయిన ఫోటోలవి.

మార్చి 12

తహసీల్ ఆఫీసులో ఇలా రాసిచ్చి సంతకం పెట్టాను. ఫోటోలు తీసింది నేను. తీసే ముందు ఆమె తన జాగాలోనే కూర్చుని ఉంది. లేపింది నేను.