నా సమురాయ్ సేన పంపకం

ముందుగా నా దస్తూరికి, అక్షరాల తప్పులకు అందరూ మన్నించాలి. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. లాయరు గారి గుమస్తా రాసిపెడతానన్నాడు గాని, ఈ మాటలు పరాయి మనిషికి చెప్పడానికి సిగ్గేసి నేనే రాసుకుంటున్నాను.

సైన్ బోర్డులు రాసే పెయింటరు గారి భార్యనైన నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరూ పోరు పెట్టకుండా, నా మనసుకు తోచిన విధంగా రాస్తున్న వీలునామా ఇది. వచ్చే సోమవారం నా గుండెకు ఆపరేషన్. డాక్టరమ్మ "ఏం భయం లేదమ్మా" అంటూనే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. అందుకని నేనూ ఒక కాగితం రాసి ఉంచుతున్నాను. నేను తిరిగి వస్తే ఇది చెల్లదు. రాకపోతే కింద రాసినట్టే జరగాలి. జరిపించే బాధ్యత మా ఆడపడుచుది. మా ఆయనకు దీన్ని చివరిదాకా చదివే ధైర్యం ఉండదు.

1. నా పేర ఇల్లు లేదు, స్థలం లేదు. ఆదివారాలు మేమంతా బల్ల చుట్టూ చేరి ఆడే సమురాయ్ యుద్ధం ఆటలో నా వంతు సేనే నా ఆస్తి. వేలి కణుపంత లోహపు బొమ్మలు: ఈటెలవాళ్ళు, విలుకాళ్ళు, ఒక జెండావాడు, గుర్రం మీద నాయకుడు. కాళ్ళూ చేతులూ అతికించింది నేను. రంగులు వేసింది మా ఆయన. అంట్లు తోమే పీచుతో చేసిన చెట్లు కూడా నావే. అవి మాత్రం ఎవరికీ విడిగా ఇవ్వడం లేదు, బల్ల మీదే ఉండాలి.

2. మామయ్యగారికి నా స్టీలు టేపు. ఆయన దర్జీ. బొమ్మ ఎంత దూరం నడవాలో ఆయన గుడ్డ టేపుతోనే కొలుస్తాం. ఆయన కొలిస్తే ఆయన గుర్రాలు ఎప్పుడూ వేలెడు ఎక్కువే నడుస్తాయి. జాకెట్టు కొలతలో దారమంత తేడా రానివ్వని మనిషికి యుద్ధంలో ఆ వేలెడు ఎలా వస్తుందో నాకు తెలుసు. స్టీలు టేపు సాగదు.

నేను బొమ్మలు అతికించే భూతద్దం కూడా ఆయనకే. సూదిలో దారం ఎక్కించడానికి పనికొస్తుంది.

ఒక మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఎదుట నా నోరు పెగిలేది కాదు. ఈ ఆటలో ఎవరి ఆజ్ఞ వాళ్ళు పైకి చెప్పాలి, లోపల అనుకుంటే చెల్లదు. నేను గొణిగేదాన్ని. "వినపడలేదు, నీ వంతు పోయింది" అనేవారు. ఒకరోజు ఉక్రోషం పట్టలేక "విలుకాళ్ళూ, వెయ్యండి!" అని అరిచేశాను. పాచిక ఆరు పడింది, ఆయన నాయకుడు కూలిపోయాడు. "ఓర్నీ, ఈ పిల్లకు గొంతుందిరా!" అని ఆయన పగలబడి నవ్వారు. నాకు ఆకలేస్తోందని ఈ ఇంట్లో నోరు తెరిచి చెప్పగలిగింది ఆ తర్వాతే.

3. ఆడపడుచుకు నా జెండావాడు. వాడి చెయ్యి విరగ్గొట్టి "వదినా, అది ముందే విరిగుంది" అన్నది ఆమే. నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశమూ లేదు. నా ఊదా రంగు శాలువా కూడా ఆమెదే. ఎలాగూ అడక్కుండానే కప్పుకుని వెళుతుంది.

4. మా పాపకు నా జూకాలు, గుర్రం మీది నాయకుడు. దాన్ని ఆటలో ఓడిపోనివ్వండి. తల్లి లేని పిల్ల అని జాలిపడి గెలిపించవద్దు. అలా గెలిపిస్తే దానికి వెంటనే తెలిసిపోతుంది.

5. మా ఆయనకు. ఏవండీ, "నువ్వు లేకపోతే ఆ బొమ్మల పెట్టె ఇంక తెరవను, అటక ఎక్కించేస్తా" అన్నారు మొన్న ఆసుపత్రి మెట్ల మీద. ప్రేమతోనే అన్నారు. కానీ అలాంటి ప్రేమ ఈ ఇంట్లో నేను చూశాను. నేను రాకముందే పోయిన అత్తయ్యగారి కుర్చీ బల్ల దగ్గరే ఉండేది. పెళ్ళయిన మర్నాడు భోజనాల వేళ తెలియక అందులో కూర్చున్నాను. నోటిదాకా వెళ్ళిన అందరి చేతులూ అలాగే ఆగిపోయాయి. నేను లేచి గోడ వారకు పోయాను. చాలాకాలం నిలబడే తిన్నాను. నేను అరిచిన ఆ ఆదివారం మామయ్యగారే ఆ కుర్చీ కాలితో నా వైపు తోశారు.

కాబట్టి పెట్టె అటక ఎక్కకూడదు. ఇది నా కోరిక కాదు, షరతు.

6. మీరు మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. ఈ వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. సేనలో మిగిలిన వాళ్ళంతా, అంటే ఈటెలవాళ్ళు, విలుకాళ్ళు, వచ్చే ఆమెకు చెందుతారు. కుర్చీ కూడా ఆమెదే. ఆమె అందులో కూర్చున్నప్పుడు ఎవరూ తినడం ఆపవద్దు. "ఆవిడైతే ఇలా ఆడేది కాదు" అని ఎవరూ అనవద్దు, పాప అన్నా సరే ఆపండి. బొమ్మలకు వేరే రంగులు కావాలంటే మీరే వేసిపెట్టండి.

7. పుట్టింటికి ఏ ఉత్తరం రాసినా, చదివి కాల్చేయమని చివర రాసేదాన్ని. నా రాత ఎవరైనా చూస్తారని సిగ్గు. దీన్ని కాల్చవద్దు. ఆమె వచ్చాక ఆమె చేతిలో పెట్టండి. చదివి కాల్చాలనిపిస్తే ఆమె చేత్తోనే కాల్చనివ్వండి, ఎవరూ అడ్డు చెప్పవద్దు.

తేదీ: 2026 మార్చి 12, గురువారం.

(సంతకం) పెయింటరు గారి భార్య

సాక్షులు, లోపలి విషయం చదవకుండా, నేను సంతకం చేస్తుండగా చూసినవారు:
ఎదురింటి నర్సు
పక్క వాటాలోని లెక్కల మాస్టారు