బాలకుమారి గీసిన హతసాక్షులు

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టి, ప్రస్తుతం కెనడా దేశం, ఒంటారియో రాష్ట్రం, బ్రాంప్టన్ నగరంలో కాపురముంటున్న, కీర్తిశేషులు రత్నరాజు గారి భార్య బాలకుమారి అనే నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం టైపు చేసుకుని ఖరారు చేసుకుంటున్న మరణశాసనం ఇది. వచ్చే నెలలో నా గుండెకు ఆపరేషన్ ఉంది. చూపు కొంత తగ్గింది. బుద్ధి తగ్గలేదు. బుద్ధి తగ్గలేదన్న ఈ మాట ఒకసారి కోర్టు కోసం, ఇంకోసారి నా మరిది సుందరరాజు కోసం రాస్తున్నాను.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలు ఏవైనా ఉంటే అవన్నీ ఇందుమూలంగా రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఏకైక కుమార్తె ఏనీకి అప్పగిస్తున్నాను. ఏనీకి తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అందుకని లాయరు గారు ఇంగ్లీషు ప్రతి ఒకటి జతచేశారు. రెండింటికీ తేడా వస్తే తెలుగుదే చెల్లుతుంది.

2. నేను నివసిస్తున్న ఇల్లు, బ్యాంకులో ఉన్నది, నా నగలు, కుట్టుమిషను సర్వహక్కులతో ఏనీకి చెందుతాయి. బేస్‌మెంట్‌లో ఆ రోజుకు చదువుకునే పిల్లలెవరైనా అద్దెకు ఉంటే, వాళ్ల సెమిస్టర్ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు. పరీక్షల ముందు ఇల్లు వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఆ పిల్లల ముఖాల్లో చూశాను.

3. ఇక నా ఐకాన్ల సంగతి. ఇవి చెక్క పలకల మీద, కోడిగుడ్డు పచ్చసొనలో రంగుపొడి కలిపి, నేను చేత్తో గీసిన బొమ్మలు. క్రీస్తు కోసం ప్రాణాలిచ్చిన తొలినాటి స్త్రీలవి, అంటే హతసాక్షులవి. లూథరన్ కుటుంబంలో పుట్టిన నాకు ఆర్థడాక్స్ వారి ఈ పని ఎలా అబ్బిందని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు గనుక ఇక్కడే చెబుతున్నాను.

మిస్సిసాగాలోని వృద్ధాశ్రమంలో నేను నర్సుగా ఉన్నప్పుడు, ఇలీనా అనే రొమేనియా ముసలావిడ నా వార్డులో ఉండేది. బతుకంతా ఐకాన్లు గీసిన మనిషి. చేతులు వణికి కుంచె నిలిచేది కాదు. మొదట పలక కదలకుండా పట్టుకోమంది. తర్వాత రంగు నూరమంది. ఆ తర్వాత ఒకరోజు కుంచె నా చేతికిచ్చి, తను కిటికీలోంచి చూస్తూ కూచుంది. ముఖాన్ని ముందు ముదురు పచ్చమట్టి రంగుతో నింపాలని, ఆ చీకటి మీద వెలుగు పొరలు పొరలుగా వేసుకుంటూ రావాలని నేర్పింది. బంగారు రేకు అంటుకోవడానికి ఎర్రమట్టి పూత మీద నోటి ఆవిరి ఊదాలని నేర్పింది. ఎవరి ఊపిరి వాళ్లే ఊదాలి, అరువు దొరకదు అనేది.

మా చిన్నప్పటి చర్చిలో పేతురు, పౌలు, స్తెఫను పేర్లు విన్నాను. ఈ ఆడవాళ్ల పేర్లు ఎవరూ చెప్పలేదు. తెక్లా, బార్బరా, కతెరీనా, అనస్తాసియా, పెర్పెతువా. ఒక్కొక్కరి కథా ఇలీనా చెబుతుంటే, వీళ్లంతా మా పాలకొల్లు స్త్రీల కూటంలో వెనక చాప మీద కూచునేవాళ్లలాగే అనిపించారు నాకు. ఐకాన్ మీద పేరు రాస్తేనే అది పూర్తయినట్టు లెక్క. నేను పేర్లు తెలుగులో రాశాను. ఇలీనా వెళ్లే రొమేనియన్ చర్చి ఫాదర్ గారు ఆ అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పి, అంతా గుండ్రమే, ఇందులో ఒక్క మూలా లేదే అని ఆశ్చర్యపోయారు.

పలకలు నున్నగా గీసిపెట్టింది, వాటిమీద గుడ్డ అతికించింది నా భర్త రత్నరాజు గారు. గరాజ్‌లో కూచుని కీర్తనలు పాడుకుంటూ చెక్క అరగదీసేవారు. ఈ బొమ్మలు తప్పా ఒప్పా అని నన్ను ఒక్కనాడూ అడగలేదు. భోజనానికి లేటవుతుందా అని మాత్రం అడిగేవారు.

4. అనస్తాసియా ఐకాన్ నేను పనిచేసిన వృద్ధాశ్రమానికి ఇవ్వాలి. చెరసాలల్లో ఉన్నవాళ్లకు రహస్యంగా మందులు తీసుకెళ్లిన మనిషి ఆమె. చేతిలో చిన్న మందుసీసా ఉంటుంది. మందుల గది పక్కన తగిలిస్తే మంచిది. కొత్తగా చేరే నర్సులు ఎవరీమె అని అడుగుతారు. మనకంటే ముందు డ్యూటీ చేసినావిడ అని చెప్పండి.

5. తెక్లా ఐకాన్ ఏనీకి. కుదిర్చిన పెళ్లి కాదని తన దారిన తాను నడిచి వెళ్లిన యువతి తెక్లా. ఈ విషయంలో నేనింతకు మించి ఏమీ రాయను, ఏనీకి నవ్వు వస్తే చాలు. బొమ్మ పూర్తయిన రోజున తనుండే మార్కమ్ నుంచి వచ్చి చూసి, "మామ్, షి హ్యాజ్ యువర్ నోజ్," అంది. నేను అద్దంలో చూసుకున్నాను. నిజమే.

6. బార్బరా ఐకాన్ పైన చెప్పిన రొమేనియన్ చర్చికి. నిజానికి దీన్ని మా తెలుగు చర్చి స్త్రీల సమాజం గదికి కానుకగా ఇచ్చాను. మా మరిది సుందరరాజు అక్కడ సంఘపెద్ద. మరుసటి ఆదివారానికి బార్బరా కోట్లు తగిలించే గదిలో, గోడవైపు తిరిగి, బూట్ల మధ్య ఉంది. విగ్రహాలు చర్చిలోకి రానివ్వమని నలుగురిలో అన్నాడు. నేను ఈ బొమ్మలకు ఎన్నడూ మొక్కలేదు, ముద్దు పెట్టుకోలేదు. మన ఇళ్లలో చనిపోయినవాళ్ల ఫొటోలు గోడకు తగిలించుకోమా? ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు మాత్రం బార్బరాను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చాను. ఆమెను పట్టి ఇచ్చింది కన్నతండ్రే గనుక, ఇంటివాళ్ల చేతిలో అవమానం ఆమెకు కొత్త కాదు.

7. పెర్పెతువా ఐకాన్ నా మరిది సుందరరాజుకు. చదివేవాళ్లు పొరపాటు పడ్డారనుకోవద్దు, అతనికే.

సుందరరాజు చెడ్డవాడు కాదు. ఈ మధ్య సంవత్సరాల్లో తెలంగాణ నుంచి, ఆంధ్ర నుంచి పిల్లలు తండోపతండాలుగా దిగుతుంటే ఎయిర్‌పోర్టుకు వ్యాన్ తీసుకెళ్లి తెచ్చేవాడు. చలికోట్లు పోగుచేసి పంచేవాడు. ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారో అడిగేవాడు కాదు. వేర్‌హౌస్‌లకు మనుషుల్ని పంపే చిన్న ఏజెన్సీ కూడా నడిపేవాడు. నా బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఇద్దరమ్మాయిలూ, జనగామ సాత్విక, ఖమ్మం కావ్యశ్రీ, రోజూ కాలేజీ క్లాసులయ్యాక అతని ద్వారానే పనికి వెళ్లేవారు.

2022 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం షిఫ్టులో కావ్యశ్రీ కుడిచెయ్యి పార్సిళ్ల బెల్టు కింద పడింది. బెల్టు మీద ఉండాల్సిన ఇనుప కవరు లేదు. పని వేగంగా సాగాలని అక్కడి సూపర్‌వైజర్ దాన్ని ఎప్పుడో తీయించేశాడు. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసి, సుందరరాజు పిల్లలందర్నీ వ్యాన్‌లో కూచోబెట్టి, కావ్యశ్రీయే కవరు తీసిందని చెప్పమన్నాడు. స్టడీ పర్మిట్ ఒప్పుకునే గంటలకంటే వాళ్లంతా ఎక్కువ పనిచేస్తున్నారు. నోరు విప్పితే ఆ సంగతీ బయటికొస్తుందని గుర్తుచేశాడు.

సాత్విక ఒప్పుకోలేదు. అప్పుడతను నా దగ్గరికి వచ్చాడు. చాలాకాలం తర్వాత నా గడప తొక్కాడు. వంటింట్లో కుర్చీలో కూచుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "వదినా, మీ మాట ఆ పిల్ల వింటుంది. కాస్త చెప్పండి. కాంట్రాక్టు పోతే నేనొక్కణ్ణే కాదు, నలభై మంది పిల్లలు వీధిన పడతారు," అన్నాడు. అతని తల పూర్తిగా నెరిసిపోయిందని ఆ రోజే చూశాను. పెళ్లయి నేను వాళ్ల ఇంట అడుగుపెట్టినప్పుడు నిక్కరు వేసుకుని నా వెనకాల తిరిగిన పిల్లాడు. గుండె తరుక్కుపోయింది. అయినా చెప్పనన్నాను. టీ పెట్టిచ్చాను. తాగకుండా లేచి వెళ్లాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు సాయంత్రం సాత్విక బేస్‌మెంట్ మెట్లెక్కి పైకి వచ్చి, కోటు కూడా విప్పకుండా నిలబడింది. "కవరు కావ్య తియ్యలేదు, మేం పోకముందు నుంచే లేదు అని చెప్పిన ఆంటీ. ఎక్కువ గంటలు చేసింది నిజమే, నా పేరు మీద రాస్కోండ్రి అని అది గూడ చెప్పిన," అంది. ఆ తర్వాత ఏడ్చింది.

కాంట్రాక్టు పోయింది. సుందరరాజు ఏజెన్సీ మూతపడింది. అతను భయపెట్టిందీ నిజమే, భయపడిందీ నిజమే. నలభై మంది పిల్లలకు కొన్నాళ్లు పనులు దొరకలేదు. వాళ్లలో కొందరు సాత్వికతో మాట్లాడటం మానేశారు, ఒకడైతే బస్సులో ఆమె పక్కసీటులోంచి లేచి వెళ్లాడు. పర్మిట్ ఉంటుందో పోతుందో తెలియక వేసవి దాకా ఆ పిల్ల పోస్టు డబ్బా తెరవడానికి నన్ను పంపేది. చివరికి ఆమెకేమీ కాలేదు. చదువు పూర్తయి, వర్క్ పర్మిట్ వచ్చి, ఇప్పుడు మిస్సిసాగాలో మందుల కంపెనీలో చేస్తోంది.

పెర్పెతువా కథలో, చెరసాలలో ఉన్న ఆ చంటిబిడ్డ తల్లి దగ్గరికి ఆమె తండ్రి వస్తాడు. క్రైస్తవురాలిని కానని ఒక్క మాట అను తల్లీ, నా నెరిసిన తల చూడు అని కాళ్లమీద పడి బతిమాలతాడు. ఆమె అనదు. కానీ తండ్రిని చూసి ఎంతో బాధపడుతుంది. ఐకాన్లలో ఆ తండ్రిని ఎవరూ గీయరట. నేను పలక అడుగున, మూలలో, చిన్నగా గీశాను. మోకాళ్ల మీద ఉన్నాడు. ముఖానికి వెలుగు పొరలు ఆమెకు ఎన్ని వేశానో అతనికీ అన్నే వేశాను. సుందరం, ఇది నిన్ను ఎత్తిపొడవడానికి కాదు. ఇంట్లో పెట్టుకుంటావో, గోడవైపు తిప్పి పెడతావో నీ ఇష్టం. ఎవరూ లేనప్పుడు ఒక్కసారి ఆ మూల చూడు.

8. నా కుంచెలు, రంగుపొళ్లు, నూరే రాయి, మిగిలిన బంగారు రేకులు, గీయని పలకలు అన్నీ కావ్యశ్రీకి. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ అమ్మాయి నెలలపాటు కుడిచేతిని దుపట్టాలో దాచుకునేది. ఒకరోజు నేను గుడ్డు సొన వేరు చేస్తుంటే పక్కకొచ్చి నిలబడి, ఎడమచేత్తో గుడ్డు తీసుకుంది. సొన చిట్లింది. ఇంకోటి తీసుకుంది. ఆ వారమంతా మా ఇంట్లో ఆమ్లెట్లే. ఇప్పుడు ఎడమచేత్తో నాకంటే సన్నగీత గీస్తుంది. ఏ బొమ్మలు గీయాలన్నది నేను నిర్ణయించను. వాళ్ల అమ్మవారిని గీసుకున్నా రంగులు అభ్యంతరం చెప్పవు.

9. కతెరీనా ఐకాన్ సాత్వికకు ఇవ్వాలని రాసుకున్నాను. చక్రవర్తి ముందు నిలబడి పండితులందరికీ జవాబు చెప్పిన కన్య ఆమె. ఎవరి కోసం గీశానో చెప్పక్కర్లేదు.

కానీ ఈ కాగితాలకు ఇద్దరు సాక్షులు కావాలి. నేను మా చర్చిలో ముగ్గుర్ని అడిగాను. ఒకరికి ప్రయాణం పడింది, ఒకరికి చెయ్యి నొప్పి, ఒకరు సంఘపెద్దతో గొడవ ఎందుకండీ అని నిజమే చెప్పారు. బొమ్మలు గీయడం మొదలైనప్పటి నుంచి వదినకు మతి సరిగా లేదని సుందరరాజు చెప్పుకొస్తున్నాడు గనుక, రేపు ఈ వీలునామా చెల్లదని ఎవరైనా అంటే, ఈమెకు తెలివి ఉండగానే సంతకం పెట్టిందని నిలబడి చెప్పే మనిషి కావాలి. పొరుగింటి శ్యామల గారు ఒప్పుకున్నారు. రెండోవారు దొరకలేదు.

సాత్విక తను పెడతానంది. ఇందులో నీకు బొమ్మ రాశాను, పుచ్చుకునేవాళ్లు సాక్షిగా ఉంటే ఆ కానుక చెల్లదట, లాయరు గారు చెప్పారు అన్నాను. లాయరు ఆఫీసులోనే ఎవరినైనా అడుగుదామని కూడా అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం కతెరీనా వైపు చూసింది.

"అది నాకు రాయకుండ్రి ఆంటీ," అంది. "ఆఫీసోళ్లకు మీరెవరో ఏమెరుక? రెండేండ్లు మీతోని ఒక్క ఇంట్ల ఉన్న. నేనైతే చెప్పగల్గుత."

కాబట్టి ఈ వీలునామాలో సాత్వికకు నేనిస్తున్నది ఏమీ లేదు. కతెరీనా ఐకాన్ కూడా కావ్యశ్రీకే చెందుతుంది. వాళ్లిద్దరూ ఇప్పుడు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. మేకు ఏ గదిలో కొట్టుకుంటారన్నది చట్టం అడగదు, నేనూ అడగను.

10. నన్ను రత్నరాజు గారి పక్కన, మా తెలుగు చర్చి పద్ధతి ప్రకారం సమాధి చేయాలి. పెట్టెలో బొమ్మలేవీ ఉంచవద్దు. ప్రార్థన సుందరరాజు చేస్తానంటే చేయనివ్వండి. అతని గొంతు బాగుంటుంది.

పైన రాసినదంతా చదువుకుని, అర్థం చేసుకుని, సాక్షులిద్దరూ ఎదుట ఉండగా 2023 అక్టోబరు 14వ తేదీన బ్రాంప్టన్‌లో సంతకం చేశాను.

(సంతకం) బాలకుమారి

సాక్షులు:

1. శ్యామల, రిటైర్డ్ టీచర్, పొరుగింటి నివాసి.

2. సాత్విక, ల్యాబ్ టెక్నీషియన్, మిస్సిసాగా. బాలకుమారి ఆంటీ నా కళ్లముందు, మంచి తెలివితో సంతకం చేశారు. ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా ఇదే చెబుతాను.