మన ఇంట్లో అల్లే ఆవిడ

ఇంటిదానికి,

చెయ్యి ఎలా ఉంది? కట్టు ఇంకా ఐదు వారాలు ఉంచాలన్నాడట డాక్టరు. అక్కడ మీ చెల్లెలు చూసుకుంటుందిలే. ఫోను చేయమన్నావు. ఫోనులో నాకు మాట రాదు. అందుకే ఈ ఉత్తరం.

బడిలో పాడే పిల్లల స్వెట్టర్లు ఆరింటిలో నువ్వు నాలుగు చేశావు. రెండు మిగిలాయి. నెలాఖరుకి ఇవ్వకపోతే ఇకమీదట పని ఊలు అమ్మే కొట్టావిడకి ఇస్తామని పెద్ద పంతులమ్మ కబురు పెట్టింది. తొమ్మిదేళ్ళ పని పోతుందని దిగులు పడకు. నీ అల్లిక మిషను మీద ఒకరు అల్లుతున్నారు.

అంచుల దగ్గర కుట్లు జారిపోతున్నాయి. ఏం చేయాలో రాయి.

ఇట్లు,
నేను

తా.క. ఇల్లు శుభ్రంగానే ఉంది. వంటగది సంగతి అడగకు.

*

శ్రీవారికి,

నమస్కారం. చెప్పేది నేను, రాసేది చెల్లెలు.

ఎవరావిడ? నన్నడక్కుండా నా మిషను మీద చెయ్యి వేసిందెవరు? ఊలు కొట్టావిడే అయితే గడప దాటనివ్వకండి. పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టుంటుంది.

కుట్లు జారేది బరువులు లేక. రెండు చివర్లా చిన్న ఇనప బరువులు తగిలించాలి. ఇరవై వరసలకోసారి వాటిని పైకి జరపాలి. ఆమాత్రం తెలియని మనిషి మిషను ముందు ఎందుకు కూర్చున్నట్టు? అడగండి.

ఇట్లు,
మిషను గల మనిషి

తా.క. బావగారూ, ఇది నా సొంత మాట. "ఎందుకు కూర్చున్నట్టు" అని అక్క నాలుగుసార్లు అంది. నేను ఒక్కసారే రాశాను.

*

ఇంటిదానికి,

ఊలు కొట్టావిడ కాదు. నువ్వు ఆవిడ అన్నావు కనుక నేనూ ఆవిడే అంటాను. బరువుల సంగతి చెప్పాను. అంచులు నిలిచాయి. ఎందుకు కూర్చున్నావని అడిగాను. మాట తక్కువ మనిషి.

ఇప్పుడు సూదుల మీద తోసే బండి మధ్యలో బిగుసుకుంటోంది. గట్టిగా తోస్తే ఒక సూది వంగింది.

కిటికీకి తెర వేసుకుని అల్లుతుంది. వీధిలోవాళ్ళు చూస్తే సిగ్గట.

ఇట్లు,
నేను

తా.క. నడుం నొప్పి అంటే నీ తైలం ఇచ్చాను. సీసా అయిపోయింది.

*

శ్రీవారికి,

బండి బిగిస్తే తోయకూడదు. పక్కనున్న మీట తిప్పి, ఎత్తి తీయాలి. బిగువు చక్రం ఒక అంకె వదులు చేయాలి. ఊలుకి కొవ్వొత్తి ముక్క రాస్తే నున్నగా జారుతుంది. కొత్త సూదులు సొరుగులో అగ్గిపెట్టెలో ఉన్నాయి.

ఇక అసలు సంగతి. పట్టపగలు తెర వేసుకునే పనేమిటి? నా తైలం ఆవిడ నడుముకి ఎవరు రాశారు? ఆవిడ భోజనం ఎక్కడ? ఇంటికి ఎన్నింటికి వెళుతుంది? ముప్పై ఎనిమిదేళ్ళలో నా నడుం సంగతి మీరు ఒక్కనాడు అడిగారా?

ఇట్లు,
మీకు గుర్తుంటే, మీ భార్య

తా.క. బావగారూ, ఈ సంగతి విని మా ఆయన మీ మీద గౌరవం పెరిగిందన్నారు. ఆయనకి ఈ పూట భోజనం లేదు.

*

ఇంటిదానికి,

భోజనం మన ఇంట్లోనే. నేను వండింది వంక పెట్టకుండా తింటుంది. ఎక్కడికీ వెళ్ళదు. పడక కూడా ఇక్కడే. తైలం తనే రాసుకుంది, చెయ్యి అందినంత మేర. నాకు అబద్ధం ఆడటం రాదు.

కొవ్వొత్తి పనిచేసింది. కానీ అల్లింది చూస్తే అంతా బొడిపెలు. నువ్వు చేసిన నాలుగూ జడలు వేసినట్టు నున్నగా ఉన్నాయి. ఇది గరుకు. ఏడుసార్లు విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఊలు నలిగిపోయింది. మనిషీ అంతే. ఇంకా పది రోజులే ఉంది. నీ తొమ్మిదేళ్ళ పని ఇక్కడ పోతుందేమోనని భయంగా ఉంది.

ఇట్లు,
నేను

తా.క. చలికి నీ శాలువా కప్పుకుంటోంది. కోపం తెచ్చుకోకు.

*

శ్రీవారికి,

ఇది ఎడమచేత్తో నేనే రాస్తున్నాను. వంకర్లు సర్దుకు చదవండి.

బస్సెక్కుదామని సంచి సర్దాను. ఏడుసార్లు అన్నచోట ఆగాను. ఒక్క స్వెట్టరు అల్లిన మనిషి అయినా అలా విప్పదు. మిషను ముందు కూర్చున్నవాళ్ళకి ఎప్పుడూ కనపడేది అల్లిక వెనకవైపే. అవతలికి వెళ్ళి చూడండి. నున్నగా ఉంటుంది. విప్పినవి ఏడూ మంచివే.

ఎవరినీ అడక్కుండా, తప్పంతా తనదేననుకుని ఏడుసార్లు మొదలుపెట్టే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. నడుం వెనక్కి ఆనించి కూర్చోమనండి. శాలువా ఉంచుకోమనండి.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క. చెల్లెలికి ఇంకా చెప్పలేదు. మీ తోడల్లుడు వారం నుంచి గిన్నెలు తోముతున్నారు. కొన్నాళ్ళు సాగనిద్దాం.

*

ఇంటిదానికి,

అవతలికి వెళ్ళి చూశాను. నున్నగా ఉంది. వచ్చి శాలువా కప్పుకుని, నడుం వెనక్కి ఆనించి మిషను ముందు కూర్చున్నాను.

ఆరూ నిన్న బడిలో ఇచ్చాను. పెద్ద పంతులమ్మ అటూ ఇటూ లాగి చూసి, బాగున్నాయంది. ఎవరు అల్లారని అడగలేదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. పని నీకే ఉంది.

వచ్చే ఏడు పాడే పిల్లలు పన్నెండుమందిట. పెద్దవాళ్ళట. పొడుగు చేతులు కావాలట. ఇప్పుడే మొదలుపెడితే మంచిదని ఊలు కూడా పంపింది. వాకిట్లో నాలుగు మూటలున్నాయి. వాటిని దాటుకుని లోపలికి వస్తున్నాను.

చెయ్యి పూర్తిగా నయమయ్యాకే రమ్మని రాయాలి. రాయబుద్ధి కావటం లేదు.

ఇట్లు,
నేను

తా.క. కట్టు విప్పాక డాక్టరు దాన్ని పారేస్తాడా? పారేసేదైతే అడిగి తీసుకురా. నా కుడిచేతికి సరిపోతుందేమో చూద్దాం.