‘జాగ్రత్త’కు రెండు ముద్రలు

ఎముకల ఆస్పత్రి రికార్డుల గదిలో టైపిస్టుగా చేరి, అదే గదికి పెద్దగా పదవీ విరమణ చేసి, ఈనాటికీ అందరిచేతా టైపిస్టమ్మ అనే పిలిపించుకుంటున్న నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహతో, స్థిమితమైన మనసుతో, నా తదనంతరం ఏది ఎవరికి చెందాలో ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

‘స్థిమితమైన మనసు’ దగ్గర నా కలం ఆగింది. “లాయరు గారూ, ఈ మధ్య నాకంతా అయోమయంగా ఉంది. ఆ మాట రాయొచ్చంటారా?” అని అడిగాను. “అయోమయం ఉన్నా ఫరవాలేదమ్మా, మతి ఉంటే చాలు. అయోమయం లేనివాళ్లు అసలు నా దగ్గరికే రారు,” అన్నారు. కాబట్టి రాశాను. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా ఆయనకే అప్పగిస్తున్నాను.

1. మేం ఉంటున్న రెండు గదుల ఇంట్లో నా సగం వాటా మా ఆయనకు, ఆయన తర్వాత మా అమ్మాయికి చెందాలి. ఇందులో అయోమయం ఏమీ లేదు.

2. నా మెడలోని గొలుసు మా అమ్మాయికి. చెవిదుద్దులు మా తోడికోడలికి. పెళ్లయిన కొత్తలో ఒకసారి అవి బాగున్నాయంది. ఆ తర్వాత మళ్లీ అనలేదు. అనకుండా ఉండటం నేను గమనించానని ఆమెకు తెలియాలి.

3. నా కంప్యూటరు, అందులో ఉన్న ఉచిత ప్రోగ్రాములతో సహా, మా ఆయనకు. “ఉచితంగా దొరికేదాన్ని రాసివ్వడం ఏమిటమ్మా?” అని లాయరు గారు నవ్వారు. గాలి కూడా ఉచితమే, కానీ మా ఆయనకు కిటికీ ఎక్కడుందో చెప్పాలి. ఉత్తరాలు రాసుకునేది, పాత పాటలు ఏ రకం ఫైలులో ఉన్నా పాడేది, ఫొటోలు కత్తిరించేది, సంకేతపదాలన్నీ ఒక్క పెట్టెలో దాచేది, అడ్డదిడ్డమైన ప్రకటనలను ఆపేది: ఇవన్నీ తెరమీద ఎడమవైపున ఉన్నాయి. ఎవరెవరో తమకు తెలియని మనుషుల కోసం రాసి ఊరికే పెట్టినవి. కుడివైపున ఏమీ ఉండకూడదు. ఉంటే అది ఆయనే తెచ్చిపెట్టుకున్నది. బస్సు నడిపినన్నాళ్లూ ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆగిన మనిషి, కంప్యూటరు ముందు మాత్రం ఏ దీపం దగ్గరా ఆగరు. ‘మీ కంప్యూటరు నెమ్మదించింది, ఉచితంగా బాగుచేస్తాం’ అని ఎక్కడో మెరిసింది. నొక్కారు. మర్నాడు మా కంప్యూటరు తనంతట తానే లాటరీ టిక్కెట్ల దుకాణం తెరిచింది. “నువ్వేగా ఉచితమైనవి మంచివన్నావు!” అని నామీదే విసుక్కున్నారు. ఏమండీ, ఉచితమైనవన్నీ మంచివని నేను అనలేదు. ఏది ఎవరు రాశారో, ఏ చోటునుంచి వచ్చిందో చూసి తీసుకోమన్నాను. తెలియకపోతే అమ్మాయిని అడగండి. మీకు నామోషీ అయితే మీ తమ్ముడిచేత అడిగించండి.

4. ఇక ‘జాగ్రత్త’ అనే ప్రోగ్రాం సంగతి. దీన్ని స్థిరాస్తిలో రాయాలో చరాస్తిలో రాయాలో లాయరు గారికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

నేను ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, ఒక ఉదయం వచ్చి చూస్తే కంప్యూటర్లలోని రోగుల ఎక్స్‌రేలన్నిటికీ ఎవరో దొంగ బయటినుంచే తాళం వేసేశాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. కాలికి కడ్డీ వేయించుకోవలసిన ఒక పెద్దాయన చేతికర్రతో కిటికీ దగ్గరికొచ్చి, “నా బొమ్మ ఎక్కడికి పోయిందమ్మా?” అని అడిగాడు. ఆ తర్వాత నేను పుస్తకాలు ముందేసుకుని, మా అమ్మాయిని విసిగించి, ఒక చిన్న ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. అది ఫైళ్లను వేరే చోటికి నకలు తీసి, తాళం వేసి, ఏం చేసిందో తేట తెలుగులో చెబుతుంది. ఎవరైనా గుమ్మం దాటుతుంటే మా అమ్మ అనే మాటనే దానికి పేరుగా పెట్టాను. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోండని ఇంటర్నెట్లో పెట్టాను. ఫొటో స్టూడియోలు, పశువుల డాక్టర్లు, ఒక అంధుల బడి, ఇంకా నేనెరగని ఎందరో వాడుతున్నారు.

ప్రోగ్రాంను సరిదిద్ది కొత్త కూర్పు పంపిన ప్రతిసారీ ‘ఇది నేను పంపిందే’ అని ఒక ముద్ర వేస్తాను. ముద్ర అంటే రబ్బరు ముద్ర కాదు, ఒక రహస్య ఫైలు. అది ఉన్నవాళ్లు ఏం పంపినా అందరి కంప్యూటర్లూ నమ్మి తలుపు తీస్తాయి. నా దగ్గరున్న అసలైన ఆస్తి అదొక్కటే. ఎవరికివ్వాలన్నదే నా అయోమయం.

5. ‘ఉడత’ అనే పేరుతో ఇంటర్నెట్లోనే పరిచయమైన ఒక మనిషి చాలాకాలంగా నాకు సాయం చేస్తూ వచ్చింది. ఆడో మగో తెలియదు గనుక ఉడతను ఉడతగానే రాస్తున్నాను: వచ్చింది, చేసింది, పోయింది. తప్పులు దిద్దేది. అంధుల బడి పిల్లలకు అక్షరాలు చదివి వినిపించే భాగం పూర్తిగా ఉడత రాసిందే. మెచ్చుకుంటే, “ఉడతా భక్తి అండీ, అంతే,” అనేది.

నాకు గుండె ఆపరేషను అయ్యాక ఉడత మాట మారింది. “మీరు విశ్రాంతి తీసుకోండి. ముద్ర నాకిచ్చేయండి,” అని రాసింది. నేను నాన్చాను. అప్పటినుంచి ముక్కూ మొహం తెలియనివాళ్లు వరసగా నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ముసలామె కుర్చీ దిగదని ఒకరు, ఉడతకిస్తే పోయేదేముందని ఇంకొకరు. మంచంమీద పడుకుని అవన్నీ చదివి, నిజమేనేమో, నేనే అడ్డంగా కూర్చున్నానేమో అనుకున్నాను.

మా ఆయన కోప్పడ్డారు. “ఎప్పుడూ చూడని మనిషికి ఇంటి తాళం ఎలా ఇస్తావే?”

మా అమ్మాయి ఊరుకోలేదు. “నాన్నా, అమ్మ ప్రోగ్రాం వాడుతున్నవాళ్లలో అమ్మను చూసినవాళ్లు ఎవరు?”

ఇద్దరి మాటా నిజమే. అదే వచ్చిన చిక్కు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని నేను కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచేశాను.

చివరికి, “ఒక్కసారి మొహం చూపించు, మాట్లాడుకుందాం,” అని ఉడతకు రాశాను. జవాబు లేదు. విచిత్రమేమిటంటే తిట్టేవాళ్లు కూడా అదే రోజు మాయమయ్యారు. దొంగేనని మా ఆయన తేల్చేశారు. నేను తేల్చలేకపోయాను. దొంగయితే అంధుల బడి పిల్లల కోసం అన్నాళ్లు ఎందుకు కష్టపడింది? నమ్మించడానికే అంటే, నమ్మించడానికి అంత బాగా చేయాలా?

కొన్ని వారాల తర్వాత ఉడత వేరే ఈమెయిలు నుంచి రాసింది. “అమ్మా, ముద్ర అడిగింది నేను కాదండీ. నా ఖాతాను ఎవరో లాక్కున్నారు. నా పేరుతో మీకు ఏమేం రాశారో ఇప్పుడే చూశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.” దానితోపాటు ఒక మరమ్మతు కూడా పంపింది. ‘జాగ్రత్త’లో మేం వేరేవాళ్ల దగ్గర అరువు తెచ్చుకుని వాడుకుంటున్న ఒక భాగంలో దొంగ దూరగల కన్నం ఉందట. మా అమ్మాయి, నేను పక్కపక్కనే కూర్చుని అక్షరం అక్షరం చదివాం. కన్నం నిజం. పూడ్చిన తీరు శుభ్రం.

“దొంగయితే కన్నం చూపిస్తాడా?” అన్నాను.

“తెలివైన దొంగయితే చూపిస్తాడమ్మా,” అంది మా అమ్మాయి. “కానీ నాకు ఏడుపొస్తోంది. ఒకవేళ నిజమైతే పాపం కదా.”

ఉడతను ఇక మొహం చూపించమని అడగలేదు. చూపించినా ఆ మొహం ఉడతదో కాదో నాకెలా తెలుస్తుంది?

6. కావున, పాత ముద్రను రద్దుచేసి, దాని స్థానంలో మూడు ముద్రలు చేయించాను. వాటిలో ఏ రెండు పడినా కొత్త కూర్పు బయటికి వెళుతుంది. ఒక్కటే పడితే వెళ్లదు.

మొదటిది మా అమ్మాయికి. ఆస్పత్రుల్లో స్కానింగు యంత్రాలు బాగుచేసే పిల్ల, యంత్రం ఊరికే ఉన్నట్టు కనిపించినా చెవి ఆనించి వింటుంది.

రెండోది ఉడతకు.

మూడోది మా మరిదికి. చదివేవాళ్లు ఆశ్చర్యపోవద్దు. ఆయనకు కంప్యూటరు తెలియదు. నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ నేను వేసిన ప్రతి తాళాన్నీ నా వెనకే వచ్చి లాగి చూసిన మనిషి. నేను ఎసట్లో ఉప్పు వేశానంటే రుచి చూడనిదే ఒప్పుకోలేదు. దానికి నేను ఎంత ఏడ్చానో ఆయనకు తెలియదు. ఆ అనుమానప్పక్షి వల్ల నా ప్రాణం విసిగింది, కానీ మా ఇంట్లో ఏనాడూ దొంగ పడలేదు. మరిదిగారూ, మీ ముద్ర ఉన్న పెన్ డ్రైవును నా ట్రంకు పెట్టెలో పెట్టుకోండి. మా అమ్మాయికో ఉడతకో ఏదైనా అయినప్పుడు మాత్రమే తీయండి. ఎవరు ఎంత తీయగా అడిగినా ముందు లాగి చూడండి. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని నేను ఏమీ అనను.

7. ఈ ఏర్పాటు గురించి ఉడతకు ముందే రాశాను. “నిన్ను నమ్మి ఇస్తున్నానో, నమ్మలేక ఇలా ఇస్తున్నానో నాకే తెలియదు. కోపం తెచ్చుకోకు,” అన్నాను. మర్నాడు జవాబొచ్చింది. “ఒక్కరికే ఇవ్వకండమ్మా, నాకైనా సరే. నా ఖాతా పోయినప్పుడు నేనే భయపడ్డాను, నా చేతిలో మీ ముద్ర లేనందుకు బతికిపోయామనుకున్నాను.” ఇది కూడా తెలివైన దొంగ రాయగలడు. రాయనీ. ఇక నేను తేల్చుకోనక్కరలేదు, అదే నాకు దొరికిన సుఖం. వాళ్లిద్దరి ముద్రలూ నేనుండగానే ఇచ్చేశాను. పోయిన వారం కన్నం పూడ్చిన కూర్పు మా అమ్మాయి ముద్ర, ఉడత ముద్ర రెండూ పడి బయటికి వెళ్లింది. అంధుల బడి నుంచి అంతా బాగా వినిపిస్తోందని కబురొచ్చింది.

8. ఉడతకు ఇంకొకటి. ఇంటి చిరునామా తెలియని మనిషికి వస్తువు పంపలేను. కాబట్టి నేను పోయానన్న సంగతి అందరికంటే ముందు ఉడతకు తెలియజేయాలి. తిట్టేవాళ్ల నోట వినకూడదు. ఆ కబురు మా అమ్మాయి స్వయంగా రాయాలి. ఇది కూడా నా ఆస్తి పంపకంలో భాగమేనని అమలుదారు గమనించాలి.

పై అంశాలన్నీ చదివించుకుని, ఒప్పుకుని, తెలివిగా, కాస్త అయోమయంగా, నా చేత్తో సంతకం చేశాను.

తేదీ: 2024 మార్చి 19, మంగళవారం

(సంతకం) టైపిస్టమ్మ

సాక్షులు:

1. కింది వాటాలో కళ్లజోళ్ల దుకాణం ఆవిడ. నా ఎదుటే సంతకం చేశారు.

2. ఎముకల ఆస్పత్రి విశ్రాంత నర్సు. నా ఎదుటే సంతకం చేశారు. నేనే చదివి వినిపించాను. ఎనిమిదో అంశం రెండుసార్లు చదివించుకున్నారు.