మడుగు గడిలో చుక్క

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి దీవెనలు. మేం కులాసా. నువ్వు మాత్రం కులాసాగా ఉండటానికి వీల్లేదు.

ప్రకృతిని కాపాడితే మనుషులకేం మేలో, ఆ పరిశోధనలన్నీ ఒకచోట చూపించే వెబ్‌సైట్ మా అమ్మాయే తయారుచేస్తోందని ఊరంతా చెప్పుకున్నాను. నిన్న మీటింగులో మున్సిపల్ ఛైర్మన్ దాన్నే గోడమీద వేసి చూపించాడు. అదంతా గళ్ల పట్టిక. అడవి వరసలో, ఆరోగ్యం గడిలో పళ్లెమంత చుక్క. మడుగు వరసలో, మనశ్శాంతి గడిలో ఏమీ లేదు. "మడుగు వల్ల మనశ్శాంతి సున్నా అని చదువుకున్నవాళ్లే తేల్చారు. మన ఊరి మడుగు పూడ్చేసి కార్లు పెట్టుకుందాం" అన్నాడు. టైలరు షాపు మూసేసినప్పటినుంచీ రోజంతా నేను కూర్చునేది ఆ మడుగు గట్టుమీదే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అడవికి పెట్టినంత వద్దు. చొక్కా గుండీ అంత చుక్క పెట్టించు, చాలు.

ఇట్లు,
నీ బాబాయి

తా.క.: మీ పిన్ని కులాసా. ఈ గొడవ ఆమెకి పట్టలేదు.

* * *

బాబాయికి నమస్కారాలు.

చుక్క పెద్దదైతే మేలు ఎక్కువని కాదు బాబాయ్, పరిశోధనలు ఎక్కువ జరిగాయని. ఆ పళ్లెంలో, ఏ మేలూ కనబడలేదన్న పరిశోధనలు కూడా ఉన్నాయి. గడి ఖాళీగా ఉందంటే ఇంకా ఎవరూ వెళ్లి చూడలేదని. ఉత్తినే చుక్క పెడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఛైర్మన్‌గారికి నిదానంగా చెప్పి చూడు.

నీ అమ్మాయి

తా.క.: నిదానంగా అంటే, కేకలు వేయకుండా.

* * *

చిరంజీవి అమ్మాయికి,

దీవెనలు. కేకలు వేయకుండానే చెప్పాను. "అయితే పరిశోధనలు ఎక్కువున్నదాన్నే నమ్ముకుందాం" అని, ఇప్పుడు మడుగు పూడ్చి అడవి పెంచుతానంటున్నాడు. కార్లు చెట్లనీడన పెట్టుకుంటారట.

ఇక లాభం లేదని పరిశోధన నేనే మొదలుపెట్టాను. టేపు మెడలో వేసుకుని, గట్టుమీదికి వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, మనశ్శాంతిగా ఉందా అని అడుగుతున్నాను. మొదట్లో అందరూ ఉందనేవాళ్లు. రోజూ అడిగేసరికి ఇప్పుడు లేదంటున్నారు. కొందరు దారే మార్చుకున్నారు.

నీ బాబాయి

తా.క.: పోస్టుమాన్‌ని కూడా అడిగాను. ఈ ఉత్తరం ఆలస్యంగా అందితే కారణం అదే.

* * *

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపించాను. అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత మా మేడమ్ నవ్వు ఆపి, "ఖాళీ గడిని సున్నా అనుకున్నారంటే తప్పు చూసినవాళ్లది కాదు, చూపించిన మనది" అన్నారు. నాకు సిగ్గేసింది బాబాయ్. ఇప్పుడు ఖాళీ గడుల్లో "ఇంకా ఎవరూ అడిగి చూడలేదు. మేలు లేదని అర్థం కాదు" అని రాశాం. చుక్క సైజుకి అర్థమేమిటో పైనే పెట్టాం. ఛైర్మన్‌గారికి చూపించు.

యూనివర్సిటీ వాళ్లు మీ మడుగు దగ్గరికి వస్తున్నారు. చుట్టుపక్కల ఇళ్లలో కూడా అడుగుతారు. ఇళ్లలో వాళ్లు అడుగుతున్నప్పుడు నువ్వు పక్కన ఉండకూడదు.

నీ అమ్మాయి

తా.క.: కిటికీ అవతల నిలబడినా పక్కన ఉన్నట్టే.

* * *

చిరంజీవి అమ్మాయికి,

దీవెనలు. ఇన్నాళ్లూ రాయలేదని కోపం తెచ్చుకోకు. ఆ కొత్త మాట ఛైర్మన్ తనే పైకి చదివి, కాస్త నీళ్లు నమిలి, తేలేదాకా ఆగుదామన్నాడు. యూనివర్సిటీ వాళ్లు వచ్చారు, నెలల తరబడి తిరిగారు. నువ్వు చెప్పినట్టే నేను ఇంటి ఛాయలకి పోకుండా పొద్దస్తమానం మడుగు దగ్గరే ఉన్నాను.

నిన్న చుక్క పడింది తల్లీ. చొక్కా గుండీ అంత కూడా లేదు, అయినా నా కంటికి ఆనింది. మేలు ఉందనే తేలిందట. మడుగు పూడ్చరని ఛైర్మన్ ప్రకటించేశాడు. చుక్కమీద నొక్కితే వివరాలొస్తాయట. అక్షరాలు మరీ సన్నం, మీ పిన్నిని చదవమన్నాను.

నీ బాబాయి

తా.క.: అమ్మాయ్, నేను పిన్నిని. చదివాను. గట్టుమీద కూర్చునేవాళ్ల మనశ్శాంతిలో మార్పేమీ తేలలేదట. ఇళ్లలో ఉన్న ఆడవాళ్లకి మాత్రం, మగవాళ్లు రోజూ మడుగుకి వెళ్లడం వల్ల మనశ్శాంతి ఎంతో మెరుగైందట. మా వీధి మొత్తం అదే చెప్పాం. మీ బాబాయికి చదివి వినిపించలేదు, చుక్క చూసుకుని మురిసిపోతున్నారు. పాపం, ఉండనీ. ఆ అక్షరాలు మాత్రం ఎప్పటికీ పెద్దవి చేయకండి.