ఏ పాటలో ఉన్నాడో

గద్వాల
2004 ఆగస్టు, ఆదివారం రాత్రి

రేపు నాయిన జ్ఞాపకార్థ కూడిక. ఆయన వాయించిన పాట ఒక్కటైనా అందరికీ వినిపించాలని అమ్మ పట్టుబట్టింది. ఏది పెట్టను? మద్రాసులో పొద్దున ఒక సినిమాకు, సాయంత్రం ఇంకో సినిమాకు గిటార్ వాయించి వచ్చేవాడు. పాట పేరు కూడా అడిగేవాడు కాదు.

క్యాసెట్ల షాపాయన పాతవన్నీ వెతికిచ్చాడు. "పాడినోళ్ల పేర్లే ఏస్తరన్నా. వాయించినోళ్లయి ఎవరేస్తరు?" అన్నాడు.

ఇంట్లో ఒక్కొక్కటే పెట్టాను. గిటార్ వినిపించిన ప్రతిసారీ అమ్మ కళ్లు తుడుచుకుని, "గిది మీ నాయినదేరా" అంది. అన్నీ ఆయనవెట్లా అవుతాయి? కాదని చెప్పడానికి నాకేం తెలుసు?

చివరి పాట మొదలయ్యేసరికి అలసిపోయి నిద్రపోయింది. అందులోనూ గిటార్ ఉంది. ఒకవేళ అదే ఆయనదైతే...