మోర్తాడ్‌లో మోగని శుక్రవారం

ఆర్మూరు.

ఇందుమూలంగా మోర్తాడ్‌లో ఉన్న మా అక్క లక్ష్మికి, ఆమె అరుగు మీద చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే సమస్త ఆడవాళ్లకు తెలియజేయడమేమనగా: ఆర్మూరుకు బతకవచ్చిన గంగారాం నిన్న పొద్దున మొట్టమొదటిసారి మాడకుండా అన్నం వండాడు. హోటల్ ముందు పోయిన చెప్పుల్లో ఎడమది దొరికింది. కుడిదాని కోసం గాలింపు సాగుతున్నది. కావున ఎవరూ ఆందోళన పడరాదు.

అక్కా, నీకు దండం. అవ్వ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి? పిల్లలు బడికి పోతున్నారా, నన్ను చూసి నేర్చుకుని ఎగ్గొడుతున్నారా? నేను బాగున్నాను. గది రేకులది, పగలు పెనంలా కాలుతుంది, అయినా బాగున్నాను. మార్కెట్‌కు పసుపు వచ్చే కాలం, తుమ్మినా పచ్చగానే వస్తున్నది. ఫికర్ చేయకు, బాగానే ఉన్నాను.

బస్సెక్కితే గంటలో నీ ముందుండేవాణ్ని. ముఖం చూపించే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను.

నీ ఫోను చెడిపోలేదక్కా. దాన్ని తుడవకు.

ఆ అంటెనా ఫోను నేను పనిచేసే ఫోన్ల కంపెనీదే, నీ ఇంట్లో పెట్టించింది నేనే. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు గనుక సాయన్న బావ ఆ రోజే ఫోను చేస్తాడు. వాడకట్టు ఆడవాళ్లంతా చాటలతో నీ అరుగెక్కి, ఎవరి మొగుడి ఫోను వస్తే వాళ్లు లోపలికి పరుగెత్తుతారు. ఇదంతా నాకు తెలుసు. తెలుసు కాబట్టే, కంపెనీ కొత్త నెట్‌వర్క్‌కు మారుతుందని తెలిసిన రోజే మేనేజర్ సారును అడిగాను.

"సార్, మా అక్కింటికి శుక్రారం శుక్రారం ఫోన్లొస్తయి. గవి బంద్ గావు గద?"

"ఏం కాదు గంగారాం. కొత్త టవర్ నిలబడేదాకా పాతదాన్ని ముట్టుకోం. నా మాట మీద చెప్పుకో మీ వాళ్లకి."

చెప్పుకున్నాను. ఆ మధ్య వచ్చినప్పుడు నీ అరుగు మీద నిలబడి మరీ చెప్పాను కదా.

తర్వాత నన్ను ఆటో ఎక్కించి, మైకు చేతికిచ్చి, నెత్తిన కంపెనీ టోపీ పెట్టి మార్కెట్ యార్డుకు పంపారు. పసుపు కుప్పల నడుమ తిరుగుతూ "కొత్త నెట్‌వర్క్ వచ్చింది, ఇంటింటికీ మాట తెచ్చింది" అని గొంతు చించుకున్నాను. మన ఊరి రాజన్న మామ కుప్ప పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"ఏం ఒర్రుతున్నవ్‌రా గంగారాం? మన ఊళ్ల టవర్ సల్లవడి వారం దాటె. మీ అక్క గా ఫోన్‌ను కొంగుతోని తుడుస్తనే ఉన్నది. దుమ్ము వడ్డదనుకుంటుంది. అంటెనా దీసి దండెం కట్టెకు గట్టింది."

"నిజంగానా మామా?"

"నీ లెక్క నాకు పరాచికాలు రావు బిడ్డా."

మైకు ఆపడం మరిచిపోయాను. ఆ మాట యార్డంతా విన్నది.

ఆఫీసుకు పోయి అడిగితే సారు కంప్యూటర్ మీదినుంచి కళ్లు తీయలేదు. పాత ఫోన్లకు కొత్త టవర్‌తో పొసగదట. రెండు టవర్లూ కలిపి నడపాలంటే కరెంటు, డీజిలు రెండింతలట. కొత్త సామాను ముందు పట్టణాలకేనట. నెంబర్లు కూడా మారిపోతాయట. అన్నీ నిజమే కావచ్చు.

"మాటిచ్చిన్రు గద సార్?"

"పైనుంచి ఆర్డర్ వచ్చిందయ్యా. మీ ఊరు ఒక్కటేనా ఉన్నది?"

"మా అక్క ఒక్కతే ఉన్నది సార్."

పక్క బల్లల వాళ్లకు ముందే తెలుసట. రోజూ నాతో చాయ్ తాగేవాళ్లు, ఒక్కడూ నోరు తెరవలేదు. ఊరందరినీ ఆట పట్టించినవాణ్ని, నన్నే ఇంత సులువుగా ఆడించారు. నా అబద్ధాల చివర నవ్వైనా ఉండేది. వీళ్లదాని చివర నువ్వు కొంగుతో ఫోను తుడుస్తూ కూర్చున్నావు.

టోపీ సారు బల్ల మీద పెట్టి వచ్చాను. ఇప్పుడు పసుపు బస్తాలు కుడుతున్నాను. అవ్వకు చెప్పకు.

అసలు ముచ్చట. మొన్న శుక్రవారం, నేను టోపీ పెట్టి వచ్చే ముందు, బావ ఆఫీసుకు ఫోను చేశాడు. పోయినసారి వచ్చినప్పుడు సరదాకు ఇచ్చిన నా కంపెనీ కార్డు దాచుకున్నాడట. "ఏమోయ్ బామ్మర్దీ, మీ అక్క ఫోన్ గెందుకు ఎత్తుతలేదు, నా మీద అలిగిందా?" అన్నాడు. జర దగ్గుతున్నాడు గానీ బాగున్నాడు. అంతలో లైన్ తెగింది. లోగడ బావ గొంతు పెట్టి ఫోను చేసి, నీతో బూరెలు చేయించి నేనే వచ్చి తిన్నాను కదా, అది మనసులో పెట్టుకుని దీన్ని కొట్టిపారేయకు.

జక్రాన్‌పల్లి నుంచి ఒకాయన గల్ఫ్‌లో బావ ఉన్న చోటికే పోతున్నాడు. మా గది పక్క ఎస్టీడీ బూత్ నెంబర్ రాసిస్తే బావకు చేరుస్తానన్నాడు. బావ ఉండే లేబర్ క్యాంపు పేరు ఆయన పాత ఉత్తరం కవర్ మీద ఉంటుంది, రాజన్న మామతో వెంటనే పంపు. మామిడి తొక్కు సీసా కూడా, మూతి గట్టిగా కట్టు. నెంబర్ అందిందని తెలియగానే కబురు చేస్తాను. ఆ శుక్రవారం అందరూ చాటలు పట్టుకుని ఆర్మూరు రండి. బూత్ అక్క బెంచీ వేస్తానన్నది.

అవ్వ కాళ్లకు మొక్కానని చెప్పు. రాజన్న మామకు దండం. పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉండనీ.

నీ ఒంటి చెప్పు తమ్ముడు,
గంగారాం

కవరు అంటించి మళ్లీ విప్పాను. సారు నాకు చేసిందే నేను నీకు చేస్తున్నానని తోచింది. జక్రాన్‌పల్లి ఆయన మాట నిజమే, క్యాంపు పేరు వెంటనే పంపక్కా, ఆలస్యం చేయకు. బావ ఫోను చేయలేదు. నేను ఆయనకు కార్డే ఇవ్వలేదు. ఆ దగ్గు కూడా నేను కల్పించిందే.